కొండ ఊరిలో నిదానం ఎవరి చేతిలో ఉంది?

గిరిజన గ్రామాల్లో వెయ్యి హోమ్‌స్టేలు. 2024 అక్టోబరు 2న ప్రారంభమైన ధర్తీ ఆబా జనజాతీయ గ్రామ ఉత్కర్ష్ అభియాన్‌లో పర్యాటక రంగానికి నిర్దేశించిన లక్ష్యం ఇది. ఒక్కొక్క గ్రామంలో ఐదు నుంచి పది ఇళ్లను ఎంపిక చేస్తారు. కొత్తగా గదులు కట్టుకునే కుటుంబానికి 5 లక్షల రూపాయల వరకు, ఉన్న గదులను బాగుచేసుకునే కుటుంబానికి 3 లక్షల వరకు సాయం అందుతుంది. ఊరి ఉమ్మడి అవసరాలకు మరో 5 లక్షలు ఇస్తారు. దీనికి తోడు, హోమ్‌స్టేలకు ముద్రా రుణాలు ఇస్తామని 2025-26 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది. కొండ ప్రాంతాల పర్యాటకాన్ని పెద్ద హోటళ్ల నుంచి ఇళ్ల అరుగుల మీదికి తీసుకురావాలన్న ఈ ఆలోచన స్వాగతించదగినదే.

అయితే ఈ లెక్క అంతా గదుల లెక్క. ఎన్ని గదులు, ఎంత సాయం, ఎన్ని గ్రామాలు అన్నంత వరకు స్పష్టత ఉంది. గదులు నిండిన తర్వాత ఇక చాలు అని చెప్పే అధికారం ఎవరిదన్న ప్రశ్నకు మాత్రం ఈ అంకెల్లో చోటు లేదు. నిదాన పర్యాటకం, సుస్థిర పర్యాటకం అన్న మాటలు ఇటీవల ప్రతి సదస్సులోనూ వినిపిస్తున్నాయి. వాటిని యాత్రికుడి అభిరుచిగా, అంటే నాలుగు రోజులు ఒకే చోట ఉండి, నడిచి తిరిగి, స్థానిక భోజనం చేసే మంచి అలవాటుగా వివరించడమే ఎక్కువ. కానీ యాత్రికుడి అలవాటు మీద ఆధారపడిన నిదానం ఒక్క సెలవుల సీజనుకు కూడా నిలవదు. అది నిలిచిన చోట్లను పరిశీలిస్తే, అక్కడ వేగాన్ని నిర్ణయించేది వచ్చేవారు కాదు, ఉండేవారు. ఈశాన్యంలో అందుకు తగిన ఉదాహరణ నాగాలాండ్‌లోని ఖోనోమా.

రాజధాని కోహిమాకు సుమారు 20 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి దాదాపు 1,600 మీటర్ల ఎత్తున, కొండ భుజం మీద ఒదిగి ఉన్న అంగామి నాగాల గ్రామమిది. మెర్హూమా, సెమోమా, థెవోమా అనే మూడు ఖెల్‌లుగా, అంటే వంశాల వారీ పేటలుగా, ఊరు విభజితమై ఉంటుంది. రాతి మెట్ల దారులు, రాతి కోటల శిథిలాలు, పేటల వాకిళ్లలో చెక్కిన కొయ్య తలుపులు ఈ ఊరి చరిత్రను గుర్తుచేస్తుంటాయి. 1879 అక్టోబరులో బ్రిటిష్ రాజకీయ అధికారి జి.హెచ్. డామంట్ ఈ ఊరి వాకిట్లోనే కాల్పులకు బలయ్యాడు. ఆ వెంటనే వచ్చిన సైన్యాన్ని ఖోనోమా యోధులు కొండపై కోట నుంచి నెలల తరబడి ఎదిరించారు. 1880 మార్చిలో గాని ఆ పోరు ముగియలేదు. తర్వాతి శతాబ్దంలో నాగా రాజకీయ ఉద్యమానికి నాయకత్వం వహించిన ఎ.జెడ్. ఫిజో కూడా ఈ ఊరివాడే. బయటివారిని ఎప్పుడు, ఎంతవరకు లోపలికి రానివ్వాలన్నది ఖోనోమాకు పర్యాటకంతో పుట్టిన సమస్య కాదు.

ఆసక్తికరమైన సంగతి ఏమంటే, ఈ ఊరు పర్యాటకంతో మొదలుపెట్టలేదు, వేటను మానుకోవడంతో మొదలుపెట్టింది. నాగా సమాజంలో వేట కేవలం మాంసం కోసం కాదు. అది మగతనానికి, పలుకుబడికి, పండుగకు ముడిపడిన ఆచారం. తుపాకులు అందుబాటులోకి వచ్చాక ఆ ఆచారమే అడవిని ఖాళీ చేసింది. 1993లో ఒక్క వారంలోనే సుమారు 300 ట్రాగోపాన్ పక్షులను చంపారన్నది ఈ ఊరి గురించి తరచు చెప్పే లెక్క. బ్లిత్స్ ట్రాగోపాన్ అని పిలిచే ఈ ఎర్రని మెడ గల అడవికోడి జాతి పక్షి నాగాలాండ్ రాష్ట్ర పక్షి. ప్రపంచంలోనే అరుదైనది. ఊరి పెద్దల్లో కొందరు వేటను ఆపాలని పట్టుబట్టారు. ఇంటింటా, పేటపేటా ఏళ్ల తరబడి వాదనలు సాగాయి. చివరకు 1998లో గ్రామ మండలి తీర్మానం చేసి, దాదాపు 20 చదరపు కిలోమీటర్ల అడవిని ఖోనోమా ప్రకృతి సంరక్షణ, ట్రాగోపాన్ అభయారణ్యంగా ప్రకటించింది. వేటతో పాటు కలప నరకడాన్ని కూడా కట్టడి చేశారు. గోదావర్మన్ కేసులో 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు ఈశాన్యంలో కలప వ్యాపారానికి అప్పటికే కళ్లెం వేసింది. కానీ కోర్టు ఉత్తర్వు అడవి అంచున తుపాకి పట్టుకు నిలబడిన కుర్రవాణ్ణి ఆపలేదు. అతణ్ణి ఆపింది వరసకు బాబాయో, మేనమామో అయిన మండలి సభ్యుడి మాట, ఊరు విధించే జరిమానా.

ఈ అభయారణ్యం అటవీ శాఖ నోటిఫికేషన్ ద్వారా పుట్టింది కాదు. ఊరు తన సొంత భూమిలో, తన సొంత నిర్ణయంతో ఏర్పాటు చేసుకున్నది. మన దేశంలో అభయారణ్యం అనగానే నిర్వాసితులు, కంచెలు, అటవీ సిబ్బందితో తగాదాలు గుర్తుకు వస్తాయి. ఇక్కడ గస్తీ తిరిగేవారు, గస్తీకి చిక్కేవారు కూడా ఒకే ఊరివారు. ఆ ఒక్క తేడా చాలా మార్పులకు మూలం.

ఇక ఈ ఊరి వ్యవసాయం గురించి కొంత వివరంగా చెప్పాలి. ఎందుకంటే ఖోనోమాను చూడవచ్చేవారు నిజానికి చూసేది దాన్నే. కొండ పోడు అనగానే అడవిని నరికి, కాల్చి, రెండేళ్లు పంట తీసి, మరో చోటికి తరలిపోవడమన్న చిత్రం మన మనసులో ఉంది. ఖోనోమా పోడులో చెట్టును కూల్చరు. పొలంలో వరుసగా ఉండే ఆల్డర్ చెట్లను మనిషి ఎత్తుకు కాస్త పైన నరికి, మోడుకు మట్టి, రాళ్లు కప్పి వదిలేస్తారు. మోడు చుట్టూ కొత్త చిగుళ్లు వస్తాయి. వాటిలో కొన్నింటిని ఉంచి, మిగతావి తీసేస్తారు. నరికిన కొమ్మలు వంటచెరకు, ఆకు ఎరువు. ఈ చెట్టు వేళ్లలో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తుంది. మన కోస్తా తీరంలో ఇసుక నేలల్లో సరుగుడు తోటలు బతికేది కూడా ఇదే సూక్ష్మజీవి చలువతోనే. రెండేళ్లు పంట, రెండు నుంచి నాలుగేళ్లు విశ్రాంతి అన్న క్రమంలో ఒకే నేల తరతరాలుగా సాగులో ఉంది. కొన్ని మోళ్లు వందేళ్ల వయసు దాటినవి. మొక్కజొన్న, బంగాళాదుంప, చిరుధాన్యాలు, కూరగాయలు ఆ మోళ్ల మధ్యనే పండుతాయి.

ఊరికి దిగువన లోయ అంతా వరి మడులు మెట్లుమెట్లుగా దిగుతాయి. ఒక మడి నుంచి మరో మడికి నీరు ఎప్పుడు, ఎంత వదలాలన్న దానికి పాత కట్టుబాట్లు ఉన్నాయి. వానకాలంలో నాట్లు, శీతకాలం ముందు కోతలు. ఆ రోజుల్లో ఇంటిల్లిపాదీ పొలంలోనే. ఇంట్లో అతిథి ఉన్నా లేకపోయినా ఈ క్రమం మారదు. ఖోనోమా పర్యాటకం ఇంకా చిన్నదిగానే ఉండడానికి నా దృష్టిలో ప్రధాన కారణం ఈ పొలమే. గది అద్దె రాకపోతే ఆ నెల గడవదన్న పరిస్థితి లేని కుటుంబమే రాబోయే అతిథికి ఈ వారం వద్దని చెప్పగలదు. గది అద్దె మీదే బతికే కుటుంబానికి ఆ వెసులుబాటు ఉండదు.

పర్యాటకం తర్వాత వచ్చింది. కేంద్ర పర్యాటక శాఖ 3 కోట్ల రూపాయలతో ఇక్కడ హరిత గ్రామ పథకాన్ని చేపట్టింది. దారులు, మురుగుకాలువలు, విశ్రాంతి మంటపాలు బాగుపడ్డాయి. 2005లో దేశపు తొలి హరిత గ్రామంగా ఖోనోమాను ప్రకటించారు. అంటే వేట నిషేధానికి, హరిత గ్రామ ప్రకటనకు మధ్య ఏడేళ్ల ఎడం ఉంది. ముందు ఊరు తన అడవిని ఏం చేయాలో తేల్చుకుంది. ప్రభుత్వ ధనం ఆ తర్వాత వచ్చింది. మన పథకాల్లో సాధారణంగా ఈ వరుస తలకిందులుగా ఉంటుంది.

నేడు ఊరిలోకి వచ్చే సందర్శకుడు గ్రామ పర్యాటక మండలికి ప్రవేశ రుసుము చెల్లించాలి. ఊరివాడైన మార్గదర్శి వెంట నడవాలి. దారి పక్కన చెత్త వేయడానికి వెదురు బుట్టలు ఉంటాయి. వసతి అంటే ఇళ్లలోని గదులు, కొద్దిపాటి చిన్న అతిథి గృహాలు. రాత్రి భోజనం పొయ్యి దగ్గర కుటుంబంతో కలిసి. చూడవలసిన స్థలాల జాబితా పెద్దగా ఏమీ లేదు. రాతి కోట, సమాధి ఫలకాలు, అడవి అంచు, మడులు, అంతే. ఒకే వయసు యువకులు ఒక బృందంగా ఏర్పడి, జీవితాంతం ఊరి పనుల్లో కలిసి పాల్గొనే వయోబృందాల సంప్రదాయం ఇక్కడ సజీవంగా ఉంది. దారిలో కనిపించే విశ్రాంతి మంటపాలు కొన్ని అటువంటి బృందాలు కట్టినవే. పర్యాటకుల కోసం అని కాదు, పొలం నుంచి బరువుతో పైకి ఎక్కివచ్చేవారి కోసం. పర్యాటకుడు కూడా వాటిలో కూర్చుంటాడు.

ఈ కథనమంతా విని, మన ఊళ్లు ఇలా ఎందుకు చేయవు అని అడగడం సులభం. ఖోనోమా వెనుక ఉన్న చట్టబలాన్ని విస్మరించి ఆ ప్రశ్న అడగకూడదు. రాజ్యాంగంలోని 371ఎ అధికరణం ప్రకారం నాగాల ఆచార చట్టాలకు, భూమి యాజమాన్యానికి, బదలాయింపునకు సంబంధించిన పార్లమెంటు చట్టాలు నాగాలాండ్ శాసనసభ ఆమోదిస్తే తప్ప అక్కడ వర్తించవు. భూమి వంశానిది, పేటది, ఊరిది. బయటి వ్యాపారి కొని రిసార్టు కట్టే అవకాశం లేదు. ఇతర రాష్ట్రాల వారు రాష్ట్రంలో అడుగుపెట్టాలంటే 1873 నాటి బెంగాల్ తూర్పు సరిహద్దు నిబంధనల కింద ఇన్నర్ లైన్ పర్మిట్ తీసుకోవాలి. బడి, ఆరోగ్య కేంద్రం, విద్యుత్తు వంటి సేవల నిర్వహణను గ్రామ సంఘాలకే అప్పగిస్తూ నాగాలాండ్ 2002లో చట్టం చేసింది. అంటే పర్యాటకం గడప తొక్కేసరికే ఊరి చేతిలో భూమి, అడవి, ఉమ్మడి నిర్ణయాలకు ఒక వేదిక ఉన్నాయి. ఖోనోమా వాసులు మనకన్నా వివేకవంతులు కావచ్చు. కానీ ఆ వివేకాన్ని అమలు చేసే సాధనం కూడా వారి వద్ద ఉంది.

ఈ చిత్రంలో లోపాలు లేవనుకోవడం పొరపాటు. సంప్రదాయ గ్రామ మండళ్లు ప్రధానంగా పురుషుల సభలు. అతిథికి అన్నం వండేది, పక్క సర్దేది, పొయ్యి కట్టెలు మోసేది ఎక్కువగా స్త్రీలు. నాగాలాండ్ ఏర్పడిన అరవయ్యేళ్లకు, 2023లో గాని ఇద్దరు మహిళలు తొలిసారిగా శాసనసభకు ఎన్నిక కాలేదు. పట్టణ సంస్థల్లో మహిళలకు మూడో వంతు స్థానాల మీద రెండు దశాబ్దాలు వివాదం సాగి, 2024 జూన్‌లో ఎన్నికలు జరిగాయి. ఆచారానికి రక్షణ ఇచ్చిన చట్టమే ఆ వివాదంలో స్త్రీలకు అడ్డుగోడగా వాదనకు వచ్చింది. పర్యాటకం ఊరి నిర్ణయం అన్నప్పుడు, ఊరు అంటే ఎవరన్న ప్రశ్న కూడా వెంట ఉండాలి. మరో సమస్య కాలానిది. ఏటా డిసెంబరు 1 నుంచి 10 వరకు కోహిమాకు చేరువలోని కిసామాలో జరిగే హార్న్‌బిల్ ఉత్సవం వేలాది మందిని ఒకేసారి ఈ కొండలకు తెస్తుంది. ఆ పది రోజుల తాకిడి చుట్టుపక్కల ఊళ్లకూ తప్పదు. ఆ సమయంలో నిదానం అన్న మాటకు అర్థం మారిపోతుంది.

స్త్రీల విషయంలో భిన్నమైన దారి తొక్కింది ఉత్తరాఖండ్‌లోని సర్మోలి. పిథోరాగఢ్ జిల్లా మున్సియారి దగ్గర, పంచచూలి శిఖరాలకు ఎదురుగా ఉన్న గ్రామమది. కుమావూ కొండల్లో బ్రిటిష్ పాలకులు అడవులను స్వాధీనం చేసుకున్నప్పుడు 1921లో పెద్ద ఎత్తున ఆందోళనలు చెలరేగాయి. వాటి ఫలితంగా 1931లో వన పంచాయతీల నిబంధనలు వచ్చాయి. ఊరి అడవిని ఊరు ఎన్నుకున్న పంచాయతీయే చూసుకునే ఏర్పాటు అది. సర్మోలి వన పంచాయతీ సర్పంచిగా 2003లో ఎన్నికైన మల్లికా విర్ది, ఊరి మహిళలతో కలిసి హోమ్‌స్టేలను ఆ అడవి సంరక్షణతో ముడిపెట్టారు. అతిథుల ద్వారా వచ్చిన దానిలో కొంత భాగం అడవి పనులకు వెళ్లాలి. ఇక్కడా వరుస అదే. ముందు అడవి మీద హక్కు, తర్వాత అతిథి. అయితే ఇల్లాలి పేరు మీద ఆదాయం రావడం సర్మోలి చేసిన అదనపు మేలు. 2023లో కేంద్ర పర్యాటక శాఖ దీన్ని ఉత్తమ పర్యాటక గ్రామంగా ఎంపిక చేసింది. అదే ఏడాది ఆ గుర్తింపు పొందిన వాటిలో తెలంగాణలోని పెంబర్తి, చంద్లాపూర్ కూడా ఉన్నాయి. అవార్డు వచ్చిన మరుసటి నెల నుంచి పెరిగే తాకిడిని ఊరు ఎలా తట్టుకోవాలన్నది మాత్రం అవార్డు పత్రాల్లో ఉండదు.

ఊరి చేతిలో ఆ అధికారం లేని చోట ఏమవుతుందో చూడడానికి దూరం వెళ్లనక్కరలేదు. నీలగిరి జిల్లాకు, కొడైకెనాల్‌కు వచ్చే వాహనాలకు ఇ-పాస్ తప్పనిసరి చేస్తూ మద్రాసు హైకోర్టు 2024లో ఆదేశించింది. మే 7 నుంచి అది అమలులోకి వచ్చింది. మరుసటి వేసవికి నీలగిరికి మామూలు రోజుల్లో 6,000, వారాంతాల్లో 8,000 వాహనాలు, కొడైకెనాల్‌కు 4,000, 6,000 అని పరిమితులు నిర్ణయించింది. రోజుకు 6,000 వాహనాలు! ఒక కొండ జిల్లాలో దీన్ని పరిమితి అనుకోవలసిన స్థితికి వచ్చాక గాని ఎవరూ కదలలేదు. ఆ సంఖ్యను తేల్చింది కూడా అక్కడి పంచాయతీలు కావు, న్యాయమూర్తులు. స్థానిక వ్యాపారులు వ్యతిరేకించారంటే ఆశ్చర్యం లేదు. వారి బతుకు అప్పటికే వాహనాల సంఖ్యకు కట్టుబడి ఉంది. జోషీమఠ్‌లో 2023 జనవరిలో 800కు పైగా కట్టడాలు బీటలు వారిన నాడు, అక్కడ బరువైన నిర్మాణాలు వద్దని మిశ్రా కమిటీ 1976లోనే హెచ్చరించిన సంగతి అందరికీ గుర్తుకు వచ్చింది. అక్కడి కారణాలు పర్యాటకం ఒక్కటే కావు. కానీ ఇక చాలు అని చెప్పగల గొంతు లేకపోవడం మాత్రం ఉమ్మడి లక్షణమే.

పొరుగున భూటాన్ ఈ గొంతును దేశ స్థాయిలో వినిపించింది. 1974లో విదేశీ యాత్రికులకు తలుపు తెరిచిన నాటి నుంచి తక్కువ మంది, ఎక్కువ రాబడి అన్న విధానాన్ని పాటిస్తోంది. 2022 సెప్టెంబరులో రోజుకు 200 డాలర్లకు పెంచిన రుసుమును ఏడాదికే 100 డాలర్లకు తగ్గించవలసి వచ్చింది. భారతీయులకు రాత్రికి 1,200 రూపాయలు. ధరతో గేటు కట్టడం ఒక రాజ్యానికి సాధ్యపడవచ్చు. ఒక గ్రామానికి ఆ దారి సరిపోదు. డబ్బున్నవాడు వస్తాడు, లేనివాడు రాడు, ఊరు మాత్రం ఏ నిర్ణయమూ తీసుకోదు.

తెలుగు నేల మీద ఈ చర్చకు తగిన చోటు అల్లూరి సీతారామరాజు జిల్లా మన్యం. అరకు, లంబసింగి, పాడేరు దగ్గరి వంజంగి కొండ, వీటికి శీతకాలంలో వచ్చే జనం స్వభావం తెలిసిందే. అర్ధరాత్రి విశాఖలో బయలుదేరి, తెల్లవారే సరికి మేఘాల మీద సూర్యోదయం చూసి, ఫొటోలు తీసుకుని, బొంగులో చికెన్ తిని, సాయంత్రానికి మైదానానికి దిగిపోవడం. దీనికన్నా వేగవంతమైన పర్యాటకం మరొకటి ఉండదేమో. ఊరికి మిగిలేది టీ కొట్టు ఆదాయం, బండ్లు నిలిపిన చోట ప్లాస్టిక్ సీసాలు. థింసా నృత్యం ఊరి పండుగలో ఊరంతా చేయి చేయి కలిపి ఆడేది. రిసార్టు పచ్చికలో అరగంట ప్రదర్శనగా మారినప్పుడు చూసేవారికి వినోదమే, కానీ ఆడేవారి వైపు నుంచి అది కూలి పని.

అసలు ఘర్షణ పంటల క్యాలెండరులో ఉంది. మన్యంలో అరబికా కాఫీ పళ్లు నవంబరు నుంచి కోతకు వస్తాయి. పండినవాటిని మాత్రమే చేత్తో ఏరి, మళ్లీ మళ్లీ అదే తోటకు వెళ్లి కోయాలి. ఇల్లంతా పనిలో ఉండే కాలమది. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఈ కొండల్లో ఉంది. తోట నీడలో మిరియం, కొండ పోడులో చిరుధాన్యం, సంతలో అమ్మకం, ఈ మూడింటి మీద కుటుంబం నిలబడి ఉంది. మంచు కోసం జనం వచ్చే నెలలు కూడా సరిగ్గా అవే. హోమ్‌స్టే గదికి సాయం ఇచ్చే అధికారి, నవంబరు నుంచి జనవరి వరకు ఆ ఇంట్లో వంట ఎవరు చేస్తారు, పళ్లు ఎవరు కోస్తారు అని అడగాలి. దరఖాస్తులో ఆ గడి ఉంటే బాగుంటుంది.

భూమి విషయంలో మన్యానికి కూడా ఒక కవచం ఉంది. 1959 నిబంధనను సవరించిన 1970 నాటి 1వ నిబంధన, అందరూ 1/70 అని పిలిచేది, ఏజెన్సీలో గిరిజనేతరులకు భూ బదలాయింపును నిషేధిస్తుంది. ప్రభుత్వం కూడా ఆ భూమిని గిరిజనేతర ప్రైవేటు సంస్థలకు లీజుకు ఇవ్వరాదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. గనుల కేసులో వచ్చిన తీర్పే అయినా రిసార్టు లీజుల దారిలోనూ అది నిలబడే ఉంది. 2025 ఆరంభంలో పర్యాటక పెట్టుబడుల కోసం 1/70ని సవరించాలన్న మాట బహిరంగంగా వినిపించగానే మన్యమంతా బంద్‌తో స్పందించింది. చట్టాన్ని మార్చే ఆలోచన లేదని ముఖ్యమంత్రి ప్రకటించారు. ఆ స్పందనను కొందరు అభివృద్ధి వ్యతిరేకతగా వర్ణించారు. ఖోనోమాను చూసినవారికి అది మరోలా అర్థమవుతుంది. అతిథికి తలుపు తీయాలా వద్దా అన్న మాట అనాలంటే, ముందు తలుపు తనదై ఉండాలి.

అయితే కవచం ఉన్నంత మాత్రాన ఖోనోమా కాదు. గిరిజనుడి పేరు మీద గిరిజనేతరుడు నడిపే బినామీ వసతులు ఏజెన్సీలో కొత్త కాదు. 1/70 భూమి అమ్మకాన్ని ఆపుతుంది గాని, ఊరిలో ఎన్ని గదులు ఉండాలో, బండ్లు ఎక్కడ ఆగాలో, ఏ ఊటలోని నీరు ఎవరికన్నది నిర్ణయించే వేదికను అది సృష్టించదు. ఆ వేదిక మరో చట్టంలో ఉంది. 1996 నాటి పెసా చట్టం ప్రకారం సామాజిక, ఆర్థికాభివృద్ధి ప్రణాళికలను అమలుకు ముందు గ్రామసభ ఆమోదించాలి. సంప్రదాయాలను, ఉమ్మడి వనరులను కాపాడుకునే అధికారం కూడా దానిదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నిబంధనలు 2011లో వచ్చాయి. 2006 అటవీ హక్కుల చట్టం ఊరి ఉమ్మడి అడవి మీద సంరక్షణ హక్కును గుర్తించే అవకాశం ఇస్తుంది. వ్యక్తిగత పట్టాల మీద మన యంత్రాంగం చూపిన శ్రద్ధ ఈ సామూహిక హక్కుల మీద చూపలేదు. నాగా కొండల్లో ఆచారం ఇచ్చిన దాన్ని మన్యంలో చట్టం ఇచ్చింది. వాడుకలో మాత్రం గ్రామసభ అనేక చోట్ల సంతకాల పుస్తకంగానే మిగిలిపోయింది.

కనుక వెయ్యి హోమ్‌స్టేల పథకం మన్యానికి వచ్చినప్పుడు, ఇళ్ల ఎంపికకు ముందు గ్రామసభ కూర్చోవడం కేవలం లాంఛనం కాకూడదు. ఊరికి ఒక రాత్రికి గరిష్ఠంగా ఎందరు, ప్రవేశ రుసుము ఎంత, అది ఎవరి ఖాతాలో పడుతుంది, ఏ నెలలో గదులు మూసివేయాలి, మార్గదర్శి తప్పనిసరా, ఇవన్నీ అక్కడే తేలాలి. గది సాయం ఇల్లాలి పేరు మీద మంజూరు కావడం సర్మోలి నుంచి నేర్చుకోదగిన పద్ధతి. పథకం ఎంపిక చేసే ఐదు నుంచి పది ఇళ్లకు, మిగతా ఊరికి మధ్య పుట్టే అసూయ చిన్న విషయం కాదు. ఖోనోమాలో ప్రవేశ రుసుము గ్రామ పర్యాటక మండలికి చేరుతుంది గనుక గది లేని ఇల్లు కూడా అతిథిని పూర్తిగా పరాయిగా చూడనక్కరలేదు. గదికి 5 లక్షలతో సమానంగా ఊరికి కూడా 5 లక్షలు కేటాయించడం ఈ పథకంలోని మంచి అంశం. ఆ మొత్తం స్వాగత ద్వారానికి, సెల్ఫీ వేదికకు పోకుండా చూడవలసింది జిల్లా యంత్రాంగం కన్నా ముందు ఆ సభే.

వానలు తగ్గి, నాట్లు పూర్తయ్యే సెప్టెంబరు నాటికి కొండ ఊళ్లలో కాస్త తీరిక దొరుకుతుంది. ఆ తీర్మానాలు రాసుకోవడానికి అనువైన సమయం అదే. నవంబరులో కాఫీ పళ్లు ఎర్రబడే వేళకు మంచు కోసం బండ్లు ఘాట్ రోడ్డు ఎక్కడం మొదలవుతుంది. అప్పటికి ఊరి చివర ఎవరు నిలబడి ఉంటారన్నది ఇంకా తేలలేదు.